కలిపిన ట్యాంకుకు లేబుల్ లేదు

ఆ సాయంత్రం నాన్న పత్తిచేను నుంచి వచ్చి అరుగు మీద కూలబడ్డాడు. చొక్కా పిండితే నీళ్లు కారేంత చెమట. నోట్లోంచి చొంగ. చేతి కండలు వాటంతటవే అదురుతున్నాయి. ఎండకు సొమ్మసిల్లాడనుకుని అమ్మ మజ్జిగలో ఉప్పేసి తాగించబోయింది. ఆరెంపీ డాక్టరు వచ్చి టార్చిలైటు వేసి కళ్లు చూశాడు. కనుపాపలు ఆవగింజల్లా ముడుచుకుపోయి ఉన్నాయి.

"ఏం మందు కొట్టాడురా? సీసా పట్రా" అన్నాడు నాతో.

పొలానికి పరిగెత్తి, గట్టు మీద దొరికిన సీసా తెచ్చాను. దాన్ని తిప్పి చూసి, "ఇదొక్కటేనా? ఇంకేమన్నా కలిపాడా?" అని అడిగాడు. కలిపాడు. పచ్చపురుగుకు ఒకటి, దోమకు ఒకటి. విడిగా రెండుసార్లు కొడితే కూలి రెండింతలవుతుందని ఒకే ట్యాంకులో కలిపి కొట్టడం మా పల్నాడులో అందరూ చేసే పనే. రెండో సీసా కోసం మళ్లీ పరిగెత్తాను.

నాన్న దక్కాడు. పట్నం ఆసుపత్రిలో మూడు రోజులు అట్రోపిన్ ఇంజక్షన్లు ఇచ్చి ఇంటికి పంపారు. ఆ రెండు సీసాలు మాత్రం నా కళ్ల ముందు నుంచి పోలేదు. ఒక్కోదాని మీద వజ్రం ఆకారంలో గుర్తు. అందులో కింది సగం ఒకదానికి ఎరుపు, ఇంకోదానికి పసుపు. మన దేశంలో పురుగుమందు ఎంత విషమో చెప్పేది ఆ రంగే. అన్నిటికంటే ప్రమాదమైనది ఎరుపు, ఆ తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ప్రతి సీసాతోనూ జాగ్రత్తల కాగితం ఉంది. కానీ రెండూ కలిపి నాన్న వీపున మోసిన ట్యాంకుకు ఏ రంగూ లేదు, ఏ కాగితమూ లేదు. పైగా ఆ రోజు కలిసినవి రెండు మందులేనా? మధ్యాహ్నపు ఎండ, పొద్దుటి నుంచి ఖాళీ కడుపు, భుజాలను కోసే పంపు బరువు, ఉక్కకు తాళలేక విప్పేసిన ముక్కుగుడ్డ కూడా వాటితో కలిశాయి. ఒళ్లు వేడెక్కితే చర్మానికి రక్తం ఎక్కువగా పారుతుంది. చెమటకు నానిన చర్మంలోంచి మందు లోపలికి దిగడం తేలికవుతుంది. ఎండకు సొమ్మసిల్లినా చెమటే, మందు ఎక్కినా చెమటే. అందుకే అమ్మ మజ్జిగ తెచ్చింది.

పాతికేళ్లుగా ఫ్యాక్టరీల గురించి, గనుల గురించి రాస్తున్నాను. ఎక్కడికెళ్లినా నా కళ్లు వెతికేది ఆ లేబుల్ లేని ట్యాంకునే.

రెండూ రెండూ నాలుగు కాని చోట

విషాలు కలిస్తే ఏమవుతుందన్న ప్రశ్నకు శాస్త్రవేత్తలు 1950లలోనే ఒక గట్టి జవాబు చూశారు. అమెరికా ఆహార, ఔషధ సంస్థకు చెందిన ఫ్రాలీ, ఆయన సహచరులు 1957లో మలాథియాన్‌ను, ఈపీఎన్ అనే ఇంకో మందును కలిపి జంతువుల మీద పరీక్షించారు. విడివిడి విషాలను కూడితే వచ్చేదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ దెబ్బ కనిపించింది. కారణం తర్వాత తేలింది. మలాథియాన్‌ను విరిచి బయటికి పంపే ఎంజైమ్ ఒకటి మన ఒంట్లో ఉంది. ఈపీఎన్ ముందుగా దాని చేతులు కట్టేస్తుంది. కాపలావాడిని ఒకడు కట్టేస్తే ఇంకొకడు ఇంట్లోకి నడిచి వచ్చినట్టు.

1976లో పాకిస్తాన్‌లో మలేరియా నివారణ కోసం మలాథియాన్ చల్లిన 7,500 మంది పనివాళ్లలో దాదాపు 2,800 మందికి ఆ జులైలో విషలక్షణాలు వచ్చాయి. అయిదుగురు చనిపోయారు. వాళ్లు కొట్టింది ఒక్క మందే. పైగా మలాథియాన్‌కు అంత ప్రమాదం కానిదన్న పేరుంది. కానీ నిల్వలో, వేడిలో ఆ పొడి కొంత ఐసోమలాథియాన్‌గా మారిపోయింది. అది కూడా ఈపీఎన్ చేసిన పనే చేసింది. దానికి తోడు చేతులకూ బట్టలకూ తడి మందు అంటుకునేలా సాగిన పని. గోదాములోని వేడి, సరుకులోని మలినం, పనివాడి తడి చొక్కా. ఈ మూడూ మూడు వేర్వేరు శాఖల లెక్కల్లో ఉంటాయి. మనిషి ఒంట్లోనే కలుస్తాయి.

విశాఖలో ఆ రాత్రి

2020 మే 7 వేకువజామున విశాఖ గోపాలపట్నం పక్కన ఆర్.ఆర్. వెంకటాపురంలో జనం నిద్రలోనే ఊపిరాడక లేచారు. ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీదికి వచ్చింది. 12 మంది చనిపోయారు. ఆ వీధుల్లో జనం పరిగెత్తుతూ పడిపోవడం దేశమంతా టీవీల్లో చూసింది. తర్వాత ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ నివేదికను నేను ఒక వంటకం తయారీ చదివినట్టు చదివాను. ఏవేవి, ఎంతెంత, ఏ వేళకు కలిశాయి అని.

స్టైరీన్ ఊరికే కూర్చునే సరుకు కాదు. తనలో తాను ముడిపడి ప్లాస్టిక్‌గా మారాలని చూస్తుంది. ముడిపడేటప్పుడు వేడి పుడుతుంది, ఆ వేడికి ఇంకా వేగంగా ముడిపడుతుంది. అందుకే దానికి రెండు కాపలాలు పెడతారు. ఒకటి చల్లదనం, రెండోది ఆ చర్యను ఆపే టీబీసీ అనే రసాయనం. లాక్‌డౌన్‌లో ప్లాంటు ఆగింది, ట్యాంకు నిండా సరుకు కదలకుండా నిలిచింది. వేసవి. చల్లబరిచే యంత్రాన్ని సాయంత్రం 5 గంటలకు ఆపేసేవారు. టీబీసీ నిల్వ చాలినంత లేదు. ట్యాంకులో ద్రవాన్ని తిప్పే పైపుల అమరిక కొన్ని నెలల క్రితం మార్చారు, దాంతో పైదీ కిందదీ సరిగా కలవలేదు. ఉష్ణోగ్రత కొలిచే పరికరం ట్యాంకు అడుగున ఉంది. అడుగు చల్లగా ఉంటే లెక్క బాగానే కనిపిస్తుంది, పైన ఎంత కాగుతున్నా. చివరికి ట్యాంకు వేడి 150 డిగ్రీలు దాటింది.

ఆ నివేదికలో నన్ను అన్నిటికంటే ఆపిన సంగతి ఇంకొకటి. స్టైరీన్‌లో పాలిమర్ శాతం పెరుగుతోందన్న కొలతలు ఉన్నాయి. కానీ దాన్ని సరుకు నాణ్యతకు సంబంధించిన సంగతిగా చూశారు, ప్రమాదానికి సూచనగా కాదు. నాణ్యత ఒక రిజిస్టరు, భద్రత ఇంకో రిజిస్టరు. సమాచారం ఉండాల్సిన ఫ్యాక్టరీలోనే ఉంది, పక్క గదిలో.

2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోని ఒక ఫార్మా కంపెనీలో పేలుడు జరిగి 17 మంది చనిపోయినప్పుడు అధికారులు చెప్పింది కూడా ఇలాంటిదే. పైపులోంచి కారిన ద్రావకం కింద ఉన్న కరెంటు ప్యానెళ్ల మీదికి చేరింది. ద్రావకం లైను ఒక విభాగం చూసుకునేది, కరెంటు ఇంకో విభాగం చూసుకునేది. రెండింటికీ విడివిడిగా తనిఖీలు ఉంటాయి. దేని కింద ఏది ఉందో చూడాలంటే మెట్ల మీద నిలబడి తల ఎత్తి, దించి చూడాలి.

రెండు కాగితాలు, ఒక పంపు

ఒక విభాగం కాగితం ఇంకో విభాగానికి తెలియకపోతే ఏమవుతుందో అర్థం కావడానికి సేఫ్టీ పాఠాల్లో తరచూ చెప్పేది పైపర్ ఆల్ఫా కథ. స్కాట్లండ్ తీరం నుంచి దాదాపు 190 కిలోమీటర్ల దూరంలో, ఉత్తర సముద్రంలో ఉన్న చమురు వేదిక అది. 1988 జులై 6 రాత్రి అక్కడ 167 మంది చనిపోయారు, 61 మంది బతికారు.

ఆ రోజు ఒక పంపుకు రెండు పర్మిట్లు ఉన్నాయి. మొదటిది పంపును విప్పి పెద్ద మరమ్మతు చేయడానికి, ఆ పని ఇంకా మొదలే కాలేదు. రెండోది దాని మీది రక్షణ వాల్వును తీసి పరీక్షించడానికి. వాల్వు తీశారు, ఆ ఖాళీలో ఒక రేకు బిళ్ల పెట్టి చేత్తో బిగించారు, సాయంత్రం ఆరయ్యేసరికి తిరిగి పెట్టలేకపోయారు. ఆ కాగితం ఇంకో గదిలో ఉండిపోయింది. రాత్రి పదింటికి కాస్త ముందు, అప్పటిదాకా నడుస్తున్న రెండో పంపు ఆగిపోయింది. అది ఆగితే కరెంటు పోతుంది. కంట్రోల్ గదిలో ఉన్నవాళ్లు తమ ముందున్న కాగితం చూశారు. మరమ్మతు మొదలు కాలేదు కాబట్టి పంపు బాగానే ఉంది, నడపవచ్చు అనుకున్నారు. నడిపారు. బిళ్ల దగ్గర గ్యాసు చిమ్మింది.

అక్కడితో ఆగలేదు. మొదట చమురు కోసమే కట్టిన వేదిక అది, గ్యాసు పని తర్వాత చేర్చారు. మధ్య గోడలు మంటను ఆపగలవు గానీ పేలుడును ఆపలేవు. పక్క వేదికల నుంచి చమురు వస్తూనే ఉంది. ఇక నీళ్ల సంగతి. అగ్నిమాపక పంపులు మంట తగలగానే వాటంతటవే నడవాలి. కానీ ఆ వేళ వాటిని చేత్తోనే నడిచేలా పెట్టారు. ఎందుకంటే సముద్రంలో డైవర్లు పనిచేస్తున్నారు. పంపు నీళ్లు లాగుతుంటే ఆ వేగానికి డైవరు లోపలికి లాగబడతాడు. ఒక మనిషి ప్రాణం కాపాడాలనే పెట్టిన ఆ నియమం తప్పు కాదు. మంట లేచాక ఆ పంపుల దగ్గరికి ఎవరూ చేరలేకపోయారు. పక్క వేదిక క్లేమోర్‌లో మాత్రం డైవర్లు నీళ్లు లాగే గొట్టం దగ్గర ఉన్నప్పుడే పంపులను చేతి అదుపులో పెట్టేవారు. ఎక్కడైనా డైవింగ్ జరుగుతుంటే చాలు ఆపేయడం కాదు, ఏ మూల జరుగుతోందో చూసి ఆపడం. రెండు ముప్పులనూ ఒకచోట పెట్టి ఆలోచిస్తే దొరికే పరిష్కారం అలా ఉంటుంది.

లార్డ్ కలెన్ విచారణ నివేదిక 1990లో వచ్చింది, 106 సిఫారసులతో. ఇప్పుడు మన రిఫైనరీల్లో ఒకే యూనిట్‌లో ఇచ్చిన పర్మిట్లన్నీ ఒకే బోర్డు మీద వేలాడదీసి, పైన వెల్డింగ్, కింద ట్యాంకు కడగడం ఒకే షిఫ్టులో పడకుండా చూస్తారంటే, ఆ అలవాటు వెనక ఉత్తర సముద్రంలో పోయిన ఆ మనుషులు ఉన్నారు. చిన్న ఫ్యాక్టరీల్లో ఆ బోర్డు ఇంకా కనిపించదు. కాంట్రాక్టరుకు కాంట్రాక్టరుకు మధ్య మాట కూడా ఉండదు.

ఒంటికి అందే మొత్తం

పేలుళ్లు పేపరుకెక్కుతాయి. రోజూ కొద్దికొద్దిగా కలిసేవి ఎక్కవు.

1993లో అచ్చయిన ఒక పరిశీలనలో బ్రెజిల్‌లో ప్రింటింగ్, పెయింటు ఫ్యాక్టరీల్లో పనిచేసే 190 మంది చెవులు పరీక్షించారు. ఏ ముప్పూ లేని పనివాళ్లతో పోలిస్తే, శబ్దంలో పనిచేసేవాళ్లకు వినికిడి దెబ్బతినే ముప్పు దాదాపు 4 రెట్లు. శబ్దంతో పాటు టోలుయిన్ ఆవిరి కూడా ఉన్నచోట దాదాపు 11 రెట్లు. టోలుయిన్, స్టైరీన్ లాంటి ద్రావకాలు రక్తంలో కలిసి లోపలి చెవిలోని సున్నితమైన కణాలను దెబ్బతీస్తాయి. శబ్దం బయటి నుంచి అవే కణాలను కొడుతుంది. మన దగ్గర శబ్దం కొలిచే మనిషి 90 డెసిబెల్స్ లోపలే ఉందని రాసుకుపోతాడు, గాలి కొలిచే మనిషి ఇంకో రోజు వచ్చి ద్రావకం హద్దులోనే ఉందని రాసుకుపోతాడు. ఆ ప్రెస్సు దగ్గర నిలబడే మనిషి నలభై అయిదేళ్లకే ఇంట్లో టీవీ సౌండు పెంచుతాడు.

ద్రావకాలు ఒకటికి మించి ఉన్నచోట కనీసం కూడిక చేయాలన్నది పారిశ్రామిక ఆరోగ్య నిపుణులు ఎప్పుడో ఒప్పుకున్న సూత్రం. ఒక ద్రావకానికి హద్దు 100 పీపీఎం అనుకుందాం, గాలిలో 60 ఉంది. ఇంకోదానికీ హద్దు 100, గాలిలో 70 ఉంది. విడివిడిగా రెండూ పాసే. 0.6, 0.7 కలిపితే 1.3. ఒకటి దాటింది. ఒకే అవయవాన్ని కొట్టేవయితే అది ఫెయిలు కిందే లెక్క. అయిదో తరగతి పిల్లాడు చేసే కూడిక ఇది. దీన్ని చేసిన రిపోర్టు నా చేతికి చాలా అరుదుగా వచ్చింది.

పైగా ఆ హద్దులన్నీ రోజుకు 8 గంటల పనికి కట్టినవి. కాంట్రాక్టు కూలీ 12 గంటల షిఫ్టు చేస్తే? పీల్చే సమయం పెరిగింది, ఇంటికెళ్లి ఒళ్లు శుభ్రపడే సమయం తగ్గింది. బ్రీఫ్, స్కాలా అనే ఇద్దరు అమెరికన్లు 1975లో ఇచ్చిన లెక్క ప్రకారం 8ని 12తో భాగించి, మిగిలిన 12 గంటల విశ్రాంతిని మామూలు 16 గంటలతో భాగించి, రెండింటినీ గుణించాలి. సరిగ్గా సగం వస్తుంది. అంటే 12 గంటల మనిషికి హద్దు 100 కాదు, 50. పైన చెప్పిన 60, 70 విడివిడిగానే ఫెయిలు. పని గంటలు కార్మిక శాఖ సంగతి, గాలి ఫ్యాక్టరీల శాఖ సంగతి అనుకున్నంత కాలం ఈ గుణకారం ఎవరూ చేయరు.

రాతి దుమ్ము పీల్చి సిలికోసిస్ వచ్చినవాడి ఊపిరితిత్తుల్లో క్షయ తేలిగ్గా నాటుకుంటుంది. క్రషర్ దగ్గర ఇరుకు గుడిసెల్లో పడుకునే వలస కూలీకి దుమ్ము పగలు, క్షయ రాత్రి. ఆసుపత్రి చీటీలో టీబీ అని మాత్రమే పడుతుంది.

గుణకారంలో ఒక దారి

ముప్పులు కలిసి గుణించబడటం గురించి నాకు తెలిసిన అన్నిటికంటే స్పష్టమైన లెక్క ఆస్‌బెస్టాస్‌ది. అమెరికా, కెనడాల్లో ఇన్సులేషన్ పనివాళ్ల మీద సెలికాఫ్, హమ్మండ్ చేసిన అధ్యయనం 1979లో వచ్చింది. పొగ తాగని, ఆస్‌బెస్టాస్ ముట్టని మనిషికి ఊపిరితిత్తుల క్యాన్సరు మరణం 1 అనుకుంటే, ఆస్‌బెస్టాస్ పనివాడికి దాదాపు 5. పొగతాగే మామూలు మనిషికి దాదాపు 11. రెండూ ఉన్నవాడికి 50కి పైనే. కూడితే 16 దగ్గర ఆగాలి. అయిదు పదకొండ్లు అయ్యాయి.

యాజమాన్యాలు ఈ లెక్కను పట్టుకుని సిగరెట్టు మీదికి నెట్టేశాయి. నేను ఇందులో చూసేది వేరు. గుణకారం అంటే రెండింటిలో ఏ ఒక్కటి తీసినా పడిపోవడం కూడా పెద్దదే. ఒకటి మొదటి నుంచీ లేకపోతే 50 కాస్తా 11 దగ్గరో 5 దగ్గరో ఆగుతుంది. అన్ని ముప్పులనూ ఒకేసారి తీయలేమని చేతులెత్తేసే చిన్న ఫ్యాక్టరీ యజమానికి ఇది పనికొచ్చే మాట. అన్నిటినీ తీయనక్కర్లేదు, ముందు ఇంకోదాన్ని రెచ్చగొట్టేదాన్ని తీయాలి. ఆస్‌బెస్టాస్ యజమాని తెచ్చిపెట్టింది, కాబట్టి ముందు తీయాల్సింది అదే. ద్రావకాన్ని నీటి ఆధారమైన రంగుతో మార్చితే అదే యంత్రం అదే మోతలో చెవికి తగిలే దెబ్బ తగ్గుతుంది. పని గంటలు 12 నుంచి 8కి తగ్గిస్తే ఎండ, శబ్దం, ఆవిరి, నిద్రలేమి నాలుగూ ఒకేసారి తగ్గుతాయి. నా మట్టుకు నాకు ఒకే ఒక్క మార్పు ఎంచుకోమంటే గంటలనే ఎంచుకుంటాను.

మాస్కులు, కోట్లు ఇచ్చేసి పని అయిపోయిందనుకోవడం గురించి ఒక్క మాట. గాలి ఆడని కోటు మందును ఆపుతుంది, వేడిని బయటికి పోనివ్వదు. ఏప్రిల్‌లో రెంటచింతల ఎండలో ఆ కోటు వేసుకున్నవాడు అరగంటలో విప్పేస్తాడు. విప్పినందుకు ఫైను వేసే సూపర్‌వైజర్లను చూశాను. ఆ కోటుతో పాటు నీడ, నీళ్లు, గంటకోసారి విశ్రాంతి, పొద్దున్నే పని ఇవ్వకపోతే ఒక ముప్పు తీసి ఇంకోటి తగిలించినట్టే.

పాత గనులు నేర్పిన పద్ధతి

ముప్పులను కలిపి చూడటం కొత్త ఆలోచన కాదని సింగరేణిలో భూగర్భ గనిలోకి దిగితే తెలుస్తుంది. గోడల మీద తెల్లగా రాతిపొడి చల్లి ఉంటుంది. నల్లబొగ్గు మీద ఆ తెలుపు ఎందుకంటే, మీథేన్ గ్యాసు చిన్నగా అంటుకున్నా ఆ ఊపుకు నేల మీది బొగ్గుపొడి లేచి, అదే అసలు పేలుడు అవుతుంది. ఫ్రాన్స్‌లోని కురియేర్ గనిలో 1906లో 1,099 మంది పోయింది బొగ్గుపొడి పేలుడుకే. గాలిలో మీథేన్ ఉంటే ఇంకా తక్కువ పొడికే నిప్పు అంటుకుంటుంది. అందుకే పొడిలో రాయి కలుపుతారు, గాలి ఆడిస్తారు. మీథేన్ పేలేది 5 శాతం దగ్గర అయినా 1.25 శాతానికే మనుషులను వెనక్కి పంపాలని మన గనుల నిబంధనలు చెప్పాయి. గ్యాసు, పొడి, నిప్పు, గాలి నాలుగూ ఒకే నిబంధనల పుస్తకంలో, ఒకే ఓవర్‌మన్ తలలో ఉంటాయి. గనిలో ప్రతివాడికీ తెలుసు, పక్కవాడి పొరపాటు తన ఊపిరి కూడా అని.

పైనున్న ఫ్యాక్టరీల్లో ఆ చూపు తేవడానికి పెద్ద కన్సల్టెంటు అక్కర్లేదు. ఇప్పుడు చాలాచోట్ల రిస్క్ అసెస్‌మెంట్ అంటే వరసలు గీసిన పట్టిక. వరసకొక ముప్పు, పక్కన జరిగే అవకాశానికో అంకె, తీవ్రతకో అంకె, రెండూ గుణిస్తే ఒక రంగు. నలభై వరసలూ పసుపు వస్తే పట్టిక పసుపే అంటారు. నలభై పసుపులు ఒక మధ్యాహ్నం ఒకే మనిషి మీద పడతాయా అని అడిగే గడి అందులో లేదు. నేనైతే వరసకు ముప్పును కాదు, ఒక పనిని, ఒక గంటను రాస్తాను. మంగళవారం మధ్యాహ్నం రెండింటికి మూడో రియాక్టరు దగ్గర ఎవరున్నారు, ఎన్నో గంట పని చేస్తున్నారు, పైన ఏం జరుగుతోంది, కింద ఏముంది, గాలి ఎటు, కరెంటు పోతే ఏవేవి ఒకేసారి ఆగుతాయి. కరెంటు ప్రశ్న మరవకూడదు. ఎగ్జాస్టు ఫ్యాను, కూలింగు, లైటు, అలారం నాలుగు వేర్వేరు రక్షణలని కాగితంలో ఉంటుంది, వైరు మాత్రం ఒకటే. పెట్టిన ప్రతి జాగ్రత్త పక్కన, ఇది ఇంకెవరికి కొత్త ముప్పు తెస్తుంది అని రాయాలి. డైవర్ల నియమం పక్కన ఆ ప్రశ్న రాసి ఉంటే పైపర్ ఆల్ఫా పంపులు నడిచేవేమో.

ఆ కాగితం నింపాల్సింది సేఫ్టీ ఆఫీసరు ఒక్కడే కాదు. భోపాల్ తర్వాత, 1987లో, ఫ్యాక్టరీల చట్టంలో సేఫ్టీ కమిటీలు చేర్చారు. వాటిలో యాజమాన్యంతో సమానంగా కార్మికులు ఉండాలన్నారు. ప్రాణాపాయం కళ్ల ముందు కనిపిస్తే చెప్పే హక్కు కార్మికుడికి ఇచ్చారు. 2020 నాటి కార్మిక భద్రతా కోడ్‌లోనూ సేఫ్టీ కమిటీ ఉంది. కమిటీలో కాంట్రాక్టు కూలీని కూర్చోబెట్టిన ఫ్యాక్టరీ కోసం ఇంకా వెతుకుతున్నాను. అన్ని ముప్పులూ కలిసేది అతని దగ్గరే. ఒక రోజు ట్యాంకు కడుగుతాడు, మర్నాడు బస్తాలు మోస్తాడు, రాత్రికి రెండో షిఫ్టు ఉంటాడు. ఏ విభాగం రిజిస్టరులోనూ అతని రోజంతా లేదు.

అమ్మ చదువుకోలేదు. ఆ రాత్రి తర్వాత నాన్న మందు కొట్టడానికి బయల్దేరుతుంటే సీసా పేరు ఎప్పుడూ అడగలేదు. తిన్నావా, ఎన్ని ట్యాంకులు కొడతావు, గాలి ఎటుంది, ఎండ ముదిరేలోగా వస్తావా అని అడిగేది. ఎన్ని ట్యాంకులయ్యాయో బొగ్గుతో వాకిలి గోడ మీద గీతలు పెట్టేది. కలపొద్దని నేను ఎంత చెప్పినా కూలి లెక్క చూసి నాన్న కొన్నిసార్లు కలిపేవాడు. కలిపిన రోజున రెండు సీసాలూ ఒకే సంచిలో వేసి, మూతి కట్టి, గట్టు మీద అందరికీ కనిపించేలా పెట్టి వచ్చేది అమ్మ.